మాతృభాష గడిలో రాసింది

గౌను ఇంకా దండెం మీదే ఉంది.

సోమవారం సాయంత్రం ఉతికి వేసింది. ఇవాళ బుధవారం. వానకు ఆరలేదు. ఆరినా దీపశ్రీ తీసేటట్టు లేదు. దుకాణం ముందరి వసారాలో, వచ్చేపోయే వాళ్ళ తలల మీద, ఆరేళ్ళ పిల్ల బడి గౌను వేలాడుతూ ఉంది.

కుసుమాంబ రెండుసార్లు దాని కోసం చెయ్యి చాపింది. రెండుసార్లూ కోడలు లోపలి నుంచే చెప్పింది.

"ముట్టకు అత్తమ్మా."

"వాడకట్టంత చూస్తున్నరే."

"చూడనీ. బడిల ముప్పై మంది పిల్లలు చూసిండ్రు. వాడకట్టు చూస్తే ఏమైతది?"

గల్లా వెనక కూర్చున్న నాగేశ్వర్ తల ఎత్తలేదు. బెల్లం దిమ్మ మీద ఈగలు తోలుతున్నాడు. సోమవారం నుంచి ఆయన కోడలితో మాట్లాడలేదు. కోడలూ మామతో మాట్లాడలేదు. అన్నం మాత్రం వేళకు వచ్చేది. ఇవాళ అదీ రాలేదు. మూడున్నర కావస్తోంది.

సోమవారం జరిగింది ఇంతే. మైథిలి ఒకటో తరగతిలో లేచి నిలబడి, "సార్, ఒంటికి" అంది. విలాస్ సార్ ఈ ఏడే కొత్తగా వచ్చాడు. నాగపూర్ అవతలి మనిషి. తెలుగు ముక్క రాదు. "ఖాలీ బస్" అని కూర్చోమని చెయ్యి ఊపాడు. పిల్ల మూడుసార్లు లేచింది. నాలుగోసారి లేవలేదు. లేవాల్సిన పని లేకపోయింది.

పిల్ల రెండు రోజులుగా బడికి పోలేదు, లోపల నిద్రపోతోంది. నిన్న బడి నుంచి కాగితం వచ్చింది. పిల్ల మాట్లాడదు, చెప్పింది పట్టదు, ఈ ఏడు మళ్ళీ ఒకటో తరగతి కింది బాలవాటికలో కూర్చోబెట్టడం మంచిది అని. అహేరిలో డాక్టరుకు ఒకసారి చూపించమని కింద ఇంకో వరుస.

"మాట్లాడదట," అంది దీపశ్రీ లోపల గిన్నెలు సర్దుతూ. ఎవరితోనూ కాదు. "పొద్దంత నోరు మూసుకోవే అని మొత్తుకుంటే మూసుకోని పిల్ల. మాట్లాడదట. డాక్టర్‌కు చూపియ్యాలెనట."

"నీకు మరాఠీ వస్తది గద," అంది కుసుమాంబ. "మీ ఊరు ముల్చేరల పన్నెండు దాక సదివినవు. ఇంట్ల జర నేర్పితే అయిపోతుండె."

"ఎవలతోని మాట్లాడాలె అత్తమ్మా మరాఠీ? నీతోనా? మామ తిట్టుడు సుత తెలుగులనే తిడ్తడు."

నాగేశ్వర్ ఈగల గుడ్డ పక్కన పెట్టాడు. మళ్ళీ తీసుకున్నాడు.

అప్పుడే నర్సక్క గౌను కింద నుంచి తల వంచుకుని వచ్చింది. రెండిళ్ళ అవతల ఉంటుంది. కూలికి పోతుంది. ఆమె మనవరాలూ ఒకటో తరగతే, మైథిలి పక్కనే కూర్చుంటుంది.

"పావుకిలో బెల్లం ఇయ్యి సేఠ్." తలకు కప్పుకున్న ప్లాస్టిక్ గోనె తీసి దులిపింది. "ఇంక ఆరలేదా బిడ్డా ఇది? మా పోరి సుత బడిల నోరు తెరుస్తలేదట. సారు కాగితం పంపిండు."

దీపశ్రీ గడప దాకా వచ్చింది. "నీకు సుత వచ్చిందా?"

"వచ్చింది. సదివెటోళ్ళెవలు మా ఇంట్ల? మల్ల సేఠ్ దగ్గరికే తేవాలె. మొన్న ఆ మాతృభాష కాగితం సుత సేఠే నింపిండు గద. వాడకట్టుల అందరియి ఈన్నే కూసోని నింపిండు. మరాఠీ అని రాసిన, ఏలు ముద్ర ఎయ్యి అన్నడు. ఏసిన."

బెల్లం కొడుతున్న చెయ్యి ఆగింది.

"అందరియి అంటే?" అంది దీపశ్రీ.

"మాది, వెంకటేశ్వర్ ఇంటిది, చింటూ వాళ్ళది, ఆ మూల మీది…" నర్సక్క వేళ్ళు మడుస్తూ మామ మొహం చూసింది. కోడలి మొహం చూసింది. మడిచిన వేళ్ళు విప్పేసింది. "ఇంట్ల పొయ్యి మీద చాయ్ పెట్టొచ్చిన. ఇయ్యి సేఠ్, పోత."

పొట్లం తీసుకుని వెళ్ళిపోయింది.

దీపశ్రీ వచ్చి గల్లా ముందు నిలబడింది. పెళ్ళయి ఎనిమిదేళ్ళు. మామకు ఎదురుగా అలా నిలబడడం ఇదే మొదలు.

"మైథిలి కాగితంల ఏం రాసినవు మామా?"

నాగేశ్వర్ పొట్లాల దారం సవరించాడు.

"మామా, అడుగుతున్న."

"మరాఠీ."

"మన ఇంట్ల మరాఠీ ఎవలు మాట్లాడుతరు?"

"మాట్లాడుడు వేరు. రాసుడు వేరు."

"అదెట్ల?"

"మా నాయిన గిట్లనే రాపిచ్చిండు. నా కొడుకు రితేష్‌ది నేను గిట్లనే రాసిన. జనం లెక్కలు రాసుకునేటోళ్ళు ఇంటికొచ్చినా గిదే చెప్తం. సర్కారు కాగితం మీద మనది మరాఠీ. ఇంట్ల ఏం మాట్లాడుకుంటే ఎవలికేంది?"

ఆయన తప్పు చేసిన మనిషిలా చెప్పలేదు. బెల్లం ధర చెప్పినట్టు చెప్పాడు. నదికి ఇవతల మహారాష్ట్రలో ఉన్న ఈ సిరోంచలో ఆ అలవాటు ఒకరు ఒకరికి నేర్పింది కాదు. పొలంలో తెలుగు, అంగట్లో తెలుగు, తిట్టుకున్నా ఏడ్చినా తెలుగు. కాగితం కనబడిందా, చెయ్యి తనంతట తానే మరాఠీ అని రాస్తుంది.

"వాళ్ళు అడిగింది ఇంట్ల ఏం మాట్లాడుకుంటరనే," అంది దీపశ్రీ. "నువ్వు ఇంకోటి చెప్పినవు. అందుకే నా బిడ్డ మూడుసార్లు లేచి నిలబడ్డది."

"నేను చెప్పినందుకు నిలబడిందా? ఆ సారుకు తెల్వక నిలబడ్డది."

"తెలుగు తెలిసిన సారును ఇయ్యాల్నా వద్దా అనే గద ఆ కాగితం."

ఆ సంగతి నాగేశ్వర్‌కు తెలియదు. అంగన్‌వాడీ నుంచి ఓటు దాకా అన్ని కాగితాలలాగే అదీ ఒక కాగితం అనుకున్నాడు.

ఆ సంగతి తెలిసిన మనిషి మెట్ల మీదే గొడుగు మూస్తోంది. మహెజబీన్. పక్క దుకాణంలో బట్టలు కుట్టే బషీర్ కూతురు. అదే బడిలో నాలుగో తరగతికి చెబుతుంది; పెద్దసారును అడిగి ముందే బయటికి వచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగింది కాబట్టి తెలుగు, మరాఠీ, ఉర్దూ మూడూ వచ్చు. చేతిలో ప్లాస్టిక్ కవరు, కవరులో కాగితాలు.

"కాకా, ఇరవై కావాలె," అంది కూర్చోకుండానే. "పదకొండే ఉన్నయి. ఐదు గంటలకు పెద్దసారు లిస్టు మీద సంతకం పెట్టి పైకి పంపుతడు."

"ఏం లిస్టు?" అన్నాడు నాగేశ్వర్. "ఈ కొత్త సదువుల పాలసీ పేరు మీద రోజుకో కాగితం. మొన్న ఒకటో తరగతి నుంచే హిందీ అన్నరు. లొల్లి అయితే వద్దన్నరు. ఇప్పుడు తెలుగంటున్నరు. రేపు ఏమంటరో వాళ్ళకే తెల్వది."

"అదే పాలసీల రాసి ఉంది కాకా. మూడేండ్ల నుంచి ఎనిమిదేండ్ల దాక పునాది అన్నరు. బాలవాటిక, ఒకటి, రెండు, అంత కలిపి ఒకటే మెట్టు. ఆ మెట్టు మీద పిల్లకు ఇంట్ల మాట్లాడే భాషలనే చెప్పాలె అన్నరు. వీలైన చోట."

"వీలైన చోట." నాగేశ్వర్ ఆ మాట నోట్లో తిప్పి చూశాడు. "ఢిల్లీల కూసున్నోళ్ళకు ఆ ఒక్క మాట చాలు. వీలు కాలేదు అని రాస్తే అయిపాయె."

"అట్ల రాయకుండనే ఇరవై కావాలంటున్న. ఇరవై మంది ఉంటే తెలుగు వచ్చిన టీచర్‌ను ఒకటో తరగతికి ఇస్తమని చెప్పిండ్రు. కొత్తోళ్ళు దొరకకపోతే నన్నే నాలుగు నుంచి దింపుతరట. పంతొమ్మిది ఉన్నా ఇయ్యరు. తరగతిల ముప్పై ఒక్క మంది. నేను వరండల నడుస్తుంటే ఇంటున్న కాకా, అందరు తెలుగులనే కొట్లాడుకుంటరు. కాగితం మీద పదకొండు మంది. నిజంగ మరాఠీ, ఉర్దూ ఇండ్లు పోను ఇంక తొమ్మిది తెలుగు ఇండ్లున్నయి."

"మీరేం రాసిండ్రు? ఉర్దూ. మీరు ఉర్దూ రాసుకొని, తెలుగు మా నెత్తిన పెడ్తరా?"

మహెజబీన్ మొహం ఎర్రబడింది. గొంతు మాత్రం పెంచలేదు.

"మా ఇంట్ల ఉర్దూ మాట్లాడుతం కాకా. ఉర్దూ రాసినం. భయం మాకు సుత ఉంది. నీకంటె జర ఎక్కువనే ఉంటది. అయినా ఉన్నది రాసినం."

పక్క దుకాణంలో కుట్టు మిషను చప్పుడు ఆగింది. బషీర్ వింటున్నాడని అందరికీ తెలిసింది.

ఆమె కవరులోంచి తొమ్మిది కాగితాలు తీసి గల్లా మీద వరుసగా పరిచింది. తొమ్మిదింటి మీదా ఒకే మాట. అన్నిట్లోనూ మరాఠీ అక్షరాల పైగీత ఒకే వైపు జారి ఉంది.

"వీటిని చూసి పెద్దసారు నవ్విండు," అంది. "తొమ్మిది ఇండ్లకు ఒకటే చెయ్యి ఉన్నదా మేడం అన్నడు. నేను నవ్వలేదు. ఆ చెయ్యి ఎవలిదో నాకు తెలుసు."

నాగేశ్వర్ కాగితాల వంక చూడలేదు.

మహెజబీన్ ఇంకేదో అనబోతుంటే రితేష్ వసారా ఎక్కాడు. నాగేశ్వర్‌కు ఒక్కడే కొడుకు, దీపశ్రీ భర్త. అహేరి నుంచి సర్కారు ఎస్టీ బస్సులో వచ్చాడు. నిలువునా తడిశాడు. చొక్కా లోపల దాచుకున్న ఫైలు మాత్రం పొడిగా ఉంది. అడవి శాఖలో గార్డు ఉద్యోగానికి లిస్టులో పేరు వచ్చింది. పన్నెండో తారీఖున కాగితాలు చూస్తారు. మూడు సార్లు తప్పిన తరువాత వచ్చిన పేరు.

పరిచిన కాగితాలు చూశాడు. భార్య మొహం చూశాడు. అర్థమైంది.

"ఏ కాగితం ముట్టొద్దు," అన్నాడు. "పన్నెండు దాక ఈ ఇంట్ల ఎవలు ఏ కాగితం మీద తెలుగు అని రాయద్దు."

"డొమిసైల్ సర్టిఫికెట్‌కు ఇక్కడ ఎన్నేండ్లున్నవని చూస్తరు రితేష్," అంది మహెజబీన్. "ఇంట్ల ఏం మాట్లాడుతవని చూడరు. కొత్త పాలసీల సుత…"

"కొత్త పాలసీ నాకు చెప్పకక్కా. నేను బీయే మూడేండ్లు సదివిన. మా ఎనక వచ్చెటోళ్ళకు నాలుగేండ్లంటున్నరు. నడుమల ఎక్కడంటె అక్కడ దిగొచ్చట. ఏడాదికి దిగితే ఒక కాగితం, రెండేండ్లకు దిగితే ఇంకో కాగితం. మల్ల ఎప్పుడన్న ఎక్కొచ్చట. అది డిగ్రీయా, ఎస్టీ బస్సా?"

"వాళ్ళు ఎక్కినంక దిగుతరు," అంది దీపశ్రీ. "నా బిడ్డను ఎక్కకముందే దింపుతున్నరు."

"ఒక్క ఏడాది దీపా. బాలవాటికల ఒక్క ఏడాది కూసుంటే ఏం పోతది?"

"నువ్వు కూసో. ఆరేండ్ల పిల్ల నాలుగేండ్ల పిల్లల నడుమ, మతి లేనిదని పేరు పెట్టించుకొని కూసోవాల్నా? నువ్వు పోయి కూసో."

"నౌకరి వస్తే చంద్రాపూర్‌ల ఇంగ్లీషు బడిల ఏస్త దాన్ని."

"అక్కడ ఒంటికి ఏ భాషల అడగాలె?"

రితేష్ ఫైలు గల్లా మీద కొట్టినట్టు పెట్టాడు. "రూల్ల ఏమున్నదో నాకు వద్దు. రూలు కిటికీల కూసోదు. కిటికీల మనిషి కూసుంటడు. ఆ మనిషి అడుగుతడు."

"అడుగుతడు," అన్నాడు నాగేశ్వర్.

అందరూ ఆయన వైపు తిరిగారు.

"నన్ను అడిగిండు." దారం ఉండ చేతిలోనే ఉంది. "నాకు ఇరవై రెండేండ్లప్పుడు. రోడ్డు పని మీద కూలోళ్ళను చూసుకునే ముకద్దం కావాలంటె పోయిన. మా నాయిన చెప్పింది ఇనలే. ఒక్కసారి ఉన్నది ఉన్నట్టు తెలుగని రాసిన. కిటికీల ఆయన సదివిండు. కాగితం మడత పెట్టి నా చేతిలనే పెట్టిండు. నదికి అవతల అడుక్కోపో అన్నడు. ఎనక నిలబడ్డోళ్ళందరు నవ్విండ్రు." ఆగాడు. "ఇప్పుడు బ్రిడ్జి సుత అయింది. పొమ్మనుడు ఇంక అల్కగ అయింది."

రితేష్ తల ఊపాడు. తండ్రి తన వైపు ఉన్నాడనుకున్నాడు.

"అది చెప్పినవు," అంది కుసుమాంబ.

అప్పటిదాకా ఆమె గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆమె గొంతులో అంత కోపం కొడుకు ఎప్పుడూ వినలేదు.

"మూడో తరగతిల బడి ఎందుకు మానేసినవో అది సుత చెప్పు."

"నువ్వు ఊకో."

"నలభై ఏండ్లు ఊకున్న. నువ్వు చెప్పవు. నేను చెప్త." కోడలి వైపు తిరిగింది. "ఈయనకు మరాఠీ ముక్క రాకపోయేది. పంతులు అడిగింది తెల్వకపోయేది. జవాబు చెప్పని పోరడు లోపలెందుకని పలకతోని బయట గోడకు నిలబెట్టిండు. ఒక్కరోజు కాదు. ఒక వానకాలమంత. సంతకు పోయేటోళ్ళు చూసి, మూగోడు నిలబడ్డడు అని నవ్వుకుంట పోయేటోళ్ళట. మా అత్త సచ్చిపోయేముందు నాకు చెప్పింది. ఈయన ఇంతవరకు చెప్పలే."

"కుసుమా."

"ఏం కుసుమ? నిన్ను నిలబెట్టిన పంతులు ఎవడో నాకు తెల్వది. మనవరాలిని నిలబెట్టింది నువ్వు. నీ చేతితోని రాసి నిలబెట్టినవు. దాన్నొక్కదాన్నే కాదు, వాడకట్టుల తొమ్మిది మందిని."

దారం ఉండ నాగేశ్వర్ చేతిలోంచి జారి గల్లా కిందికి దొర్లింది. ఎవరూ తీయలేదు.

దీపశ్రీ తొమ్మిది కాగితాల్లో కూతురిది వెతికి తీసింది. మహెజబీన్‌ను పెన్ను అడిగి తీసుకుంది. మరాఠీ అన్న మాట మీద రితేష్ అరచెయ్యి పెట్టాడు.

"తియ్యి," అంది.

"నా నౌకరి పోతే?"

"పోతే నన్ను తిట్టు. ఉన్నన్ని రోజులు తిట్టు. దాని మాట పోతే నేనెవలిని తిట్టాలె?"

రితేష్ చెయ్యి తీయలేదు. దీపశ్రీ లాగలేదు. అలాగే నిలబడింది. చివరికి చెయ్యి అతనే తీశాడు. వెనక్కి పోయి బస్తా మీద కూర్చున్నాడు.

ఆమె కొట్టేసింది. పక్కన తెలుగు అని రాసింది. కింద సంతకం పెట్టింది.

"పన్నెండు," అంది మహెజబీన్. "ఇంక ఎనిమిది. ఎనిమిదీ కావాలె. ఏడైతే రాదు."

"నువ్వు పోయి అడుగక్కా."

"పగటీల అన్నం బెల్లు కొట్టినప్పుడు పోయిన. నర్సక్క ఇంటికి తాళమేసి ఉంది. మిగిలిన ఏడు ఇండ్లల్ల ఒకటే మాట. సేఠ్ రాసిండు, సేఠ్ చెప్తే మారుస్తం అన్నరు. వాళ్ళొచ్చి నా ముందట ఏలు ముద్ర ఎయ్యాలె. ఊకె మనం రాస్తే చెల్లది."

గోడ గడియారం నాలుగుంబావు చూపిస్తోంది. ఎవరూ నాగేశ్వర్‌ను ఏమీ అడగలేదు. దీపశ్రీ కూడా అడగలేదు. అడగకపోవడం ఆయనకు అడిగినదానికంటే బరువుగా తోచింది.

ఎనిమిది గడపలు. ఒక్కో గడప దగ్గరా నిలబడి, నేను చెప్పింది తప్పు అనాలి. బడి మానేశాక అంగట్లోనే ఆయన మరాఠీ రాత నేర్చుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా ఆ ఇళ్ళవాళ్ళు రేషన్ కార్డు నుంచి చావు సర్టిఫికెట్ దాకా ఆయన ముందే పెట్టి, ఆయన వేలు పెట్టమన్న చోట వేలు పెట్టారు. ఎందుకని ఒక్కరూ అడగలేదు.

ఆయన లేచాడు. చెప్పులు వెతుక్కున్నాడు.

"బాపు," అన్నాడు రితేష్ బస్తా మీద నుంచే. "ఇంట్ల కాగితం ఒకటి మార్చిండ్రు, సరే. వాడకట్టంత తిరిగి తెలుగు తెలుగు అని రాపిస్తే నీ పేరే వస్తది. నీ పేరు నా ఫైల్ల ఉంది. నువ్వు ఆ గడప ఎక్కితే పన్నెండో తారీఖు నేను పోను. ఇగ ఈ దుకాణంల సుత కూసోను. మల్ల నన్ను ఎక్కడున్నవని అడగొద్దు."

నాగేశ్వర్ కొడుకు వైపు చూశాడు. మిగిలిన ఎనిమిది కాగితాలూ కవరులో పెట్టుకుని వానలోకి దిగాడు. మహెజబీన్ గొడుగు పట్టుకుని వెనకే నడిచింది.

నర్సక్క తలుపు తీసే ఉంది. లోపల పొయ్యి దగ్గర, ఇవాళ బడికి పోని మనవరాలు చాయ్‌లో రొట్టె ముంచుకుని తింటోంది, ఏదో పాట పాడుతోంది. పెద్దాయనను చూసి పాట ఆపింది.

"నర్సక్కా, ఆ కాగితం మార్చాలె," అన్నాడు గడప బయటే నిలబడి. "తెలుగని రాయాలె. మేడం ముందట మల్ల ముద్ర ఎయ్యాలె."

"ఎందుకు సేఠ్?"

"పిల్లలకు తెలుగు వచ్చిన టీచర్ వస్తది."

"నువ్వే గద చెప్పినవు. తెలుగని రాస్తే అవతలికి పొమ్మంటరు, హాస్టల్ ఇయ్యరు, సర్టిఫికెట్ ఇయ్యరు అన్నవు."

"అన్న."

"మా పోరి నెల రోజుల సంది నోరు తెరుస్తలేదు. అప్పుడు రాలేదు నువ్వు. నీ ఇంట్ల గౌను దండెం మీదికెక్కినంక వచ్చినవు." ఆమె గొంతు పెంచలేదు. "ఒకటి చెప్పు సేఠ్. అప్పుడు అబద్ధం చెప్పినవా, ఇప్పుడు చెప్తున్నవా?"

వాన నాగేశ్వర్ మెడ మీద నుంచి చొక్కా లోపలికి కారుతోంది. గొడుగు ఆయన దాకా రావడం లేదు.

"అప్పుడు భయపడి చెప్పిన," అన్నాడు. "ఇప్పుడు సుత భయపడే చెప్తున్న."

నర్సక్క తలుపు రెక్క పట్టుకుంది.

"భయపడెటోని మాట మీద ఒకసారి ఏలు పెట్టిన," అంది. "రెండోసారి పెట్టమంటున్నవు."

తలుపు వేసింది. లోపల గొళ్ళెం పడింది.

మహెజబీన్ తలుపు కొట్టబోయింది. నాగేశ్వర్ వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టాడు. గోడకు ఆనుకుని అక్కడే నిలబడ్డాడు. పక్కింట్లో వెంకటేశ్వర్ అంతా విని గడపలోకి వచ్చి నిలబడి ఉన్నాడు. ఒక చెయ్యి తలుపు మీద ఉంది. తెరిచే ఉంచుతాడో, వేస్తాడో తెలియలేదు. బడి వైపు నుంచి నాలుగున్నరకు కొట్టే చివరి గంట వినబడింది.

"నాకు సుత అదే అడగాలని ఉంది సేఠ్," అన్నాడు వెంకటేశ్వర్. "కని జర ఆగి అడుగుత. ముందుగాల ఇది చెప్పు. మీ రితేష్ సంచి ఏసుకొని బస్‌స్టాండ్ దిక్కు పోతున్నడు. నువ్వే పంపినవా?"